పుట్టింటికి వచ్చిన కంటెయినర్

1982 మార్చి 18న కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ తమ యూనిక్స్ సోర్సులో ఒక చిన్న సిస్టమ్ కాల్ చేర్చాడు. పేరు సీహెచ్‌రూట్. అది చేసేది ఒక్కటే పని. ఫైళ్ల చెట్టులో ఏదో ఒక కొమ్మని ప్రోగ్రాముకి చూపించి, నీకు వేరు ఇదే, దీని అవతల ఇంకేమీ లేదు అని చెబుతుంది. ఆ ప్రోగ్రాము ఇక పైకి ఎక్కలేదు, పక్కకి చూడలేదు.

ఇలాంటి కాల్ బెల్ ల్యాబ్స్ వాళ్ల ఏడో ఎడిషన్ యూనిక్స్‌లో 1979లోనే ఉంది కాబట్టి జాయ్ దీన్ని కనిపెట్టాడని అనలేం. అసలు ఆసక్తి అంతా అది ఆయనకి ఎందుకు కావలసివచ్చింది అన్నదాంట్లో ఉంది. చాలా ఏళ్ల తర్వాత, బర్క్లీ యూనిక్స్ వారసుడైన ఫ్రీబీఎస్‌డీ వాళ్లు ఈ సంగతి ఆరా తీస్తే, బర్క్లీలో జాయ్‌తో కలిసి పనిచేసిన కిర్క్ మెకుసిక్ పాత మార్పుల చిట్టా చూసి తారీఖు చెప్పాడు. కారణం విషయంలో తన ఊహ కూడా చెప్పాడు. అప్పటికి బర్క్లీ సోర్సులో ఎఫ్‌టీపీ సర్వరే లేదు, అది 1983 జనవరిలో గానీ రాలేదు. అంచేత బయటివాళ్లని కట్టడి చేయడం కోసం అయివుండదు. బర్క్లీ యూనిక్స్ కొత్త వెర్షన్ 4.2బీఎస్‌డీ విడుదలకి ఇంకా ఏడాదిన్నర ఉంది. తయారవుతున్న ఆ కొత్త సిస్టమ్ ఒక డైరెక్టరీలో ఉంది. జాయ్ అందులోకి దిగి, అక్కడున్న హెడర్ ఫైళ్లూ లైబ్రరీలూ మాత్రమే వాడుకుని, ఆ సిస్టమ్ తనను తాను కట్టుకోగలదా లేదా చూసుకోవడానికి దీన్ని పెట్టుకుని ఉంటాడని మెకుసిక్ అభిప్రాయం. తొలి రోజుల్లో దాన్ని ఇంకో పనికి వాడినట్టు ఆయనకి గుర్తు లేదు.

కంటెయినర్, అంటే ప్రోగ్రాముని తక్కిన మెషీన్ నుంచి విడదీసి నడిపే గది, అనగానే ఇప్పుడు మనకి తట్టేవి క్లౌడు, కుబర్నెటీస్, వేల సర్వర్లు. మెకుసిక్ ఊహ నిజమైతే, దానికి బర్క్లీ వైపు పూర్వీకుడైన ఈ సీహెచ్‌రూట్ పుట్టింది సర్వర్లు నడపడానికి కాదు. రాసిన కోడ్‌ని బయటికి పంపే ముందు, సొంత మెషీన్ వాసన తగలని చోట ఒకసారి కట్టి చూసుకోవడానికి. ఆ తర్వాత ఇరవై ముప్పై ఏళ్లు అది జైలుగా బతికింది, అద్దె గదిగా బతికింది, చివరికి సరుకు పెట్టెగా పేరు తెచ్చుకుంది. మళ్లీ అందరి చేతుల్లోనూ మొదటి పనికి వచ్చింది ఈ పదేళ్లలోనే.

ఆ పని అవసరం ఎక్కడి నుంచి వచ్చిందో ప్రోగ్రామర్లకి చెప్పక్కర్లేదు. "నా మెషీన్‌లో పనిచేస్తోందే!" అన్న మాట మాదాపూర్‌లోనూ వినిపిస్తుంది, శాన్ హోజేలోనూ వినిపిస్తుంది. అలా అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. పదేళ్లుగా వండుతున్న సొంత వంటింట్లో నిలబడి పులిహోర ఎలా చేయాలో రాసివ్వమంటే, ఇంగువ సంగతి రాయడం మర్చిపోతాం. చెయ్యి దానంతటదే ఆ డబ్బా మీదికి పోతుంది కాబట్టి అదొక దినుసని తోచదు. ప్రోగ్రామర్ల మెషీన్ కూడా అంతే. ఎప్పుడో ఏదో ప్రాజెక్టు కోసం ఎక్కించిన లైబ్రరీ, ఎవరో చెబితే షెల్‌లో పెట్టిన ఒక వేరియబుల్, పాత వెర్షన్ కంపైలర్ అన్నీ అక్కడ చేరి ఉంటాయి. కోడ్ వాటి మీద నిలబడి ఉందని కోడ్ రాసినవాళ్లకే తెలియదు. పంపిన తర్వాత ఇంకొకరి దగ్గర కూలితే గానీ బయటపడదు.

సీహెచ్‌రూట్ మాత్రం తన దారిన పోయింది. ఇంటర్నెట్ వచ్చాక, అపరిచితులు లాగిన్ అయ్యే ఎఫ్‌టీపీ సర్వర్లని ఒక డైరెక్టరీలో బిగించడానికి దాన్ని వాడారు. 1991 జనవరిలో బెల్ ల్యాబ్స్‌లో బిల్ చెస్విక్ ఒక చొరబాటుదారుణ్ణి ఇలాంటి గదిలోనే పెట్టి, అతను ఏం చేస్తాడో నెలల తరబడి చూశాడు; ఆ కథని తర్వాత ఒక పేపర్‌గా రాశాడు. 2000 మార్చిలో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 4.0లో పౌల్-హెన్నింగ్ కాంప్ ఈ గోడల్ని ఇంకా మందం చేశాడు. ఫైళ్లే కాక ప్రాసెస్‌లూ నెట్‌వర్క్ చిరునామా కూడా వేరుపడ్డాయి. దానికి జైల్ అని పేరే పెట్టేశారు. ఒక హోస్టింగ్ సంస్థ తన మెషీన్లని పలువురికి వాటాలేసి ఇవ్వాలనుకోవడం వల్ల పుట్టిన పని అది. లినక్స్‌లో వీసర్వర్, సన్ వాళ్ల సొలారిస్ జోన్లు, ఓపెన్‌వీజెడ్ అన్నీ దాదాపు ఇలా ఒక మెషీన్‌ని వాటాలేయడం చుట్టూనే తిరిగాయి. మన కథకి అవి పక్కదారి.

అసలు దారి డెబియన్‌లో ఉంది. నన్నడిగితే కంటెయినర్ చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఈ అధ్యాయాన్నే, బహుశా ఇందులో కంపెనీ గానీ పెట్టుబడి గానీ లేకపోవడం వల్ల. డెబియన్ వేలమంది స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే లినక్స్ పంపిణీ. ఒక్కొక్కరు కొన్ని ప్యాకేజీలకి బాధ్యులు. ప్రతి సోర్సు ప్యాకేజీలోనూ కంట్రోల్ అనే ఫైలు ఉంటుంది. ఇది కట్టాలంటే ఏమేం కావాలో ఆ జాబితా అందులో రాయాలి. అప్పట్లో కార్యకర్త తన ల్యాప్‌టాప్ మీద ప్యాకేజీ కట్టి ఎక్కించేవాడు. తక్కిన ప్రాసెసర్ రకాలన్నిటికీ డెబియన్ బిల్డ్ మెషీన్లు ఆ జాబితా చదువుకుని, ఖాళీ సీహెచ్‌రూట్‌లో అవే కట్టుకునేవి. ల్యాప్‌టాప్‌లో శుభ్రంగా కట్టుబడింది అక్కడ మొదటి నిమిషంలోనే ఆగిపోయేది. ఎందుకంటే జాబితాలో ఒక లైబ్రరీ పేరు రాయలేదు. కార్యకర్త మెషీన్‌లో అది ఎప్పటినుంచో ఉంది మరి.

ఇంతకన్నా మోసకారి తప్పు ఇంకొకటుంది. కట్టే ముందు కాన్ఫిగర్ అనే స్క్రిప్టు మెషీనంతా వెతికి, ఫలానా లైబ్రరీ కనిపిస్తే ఫలానా సదుపాయం కలిపేద్దాం అనుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో ఆ లైబ్రరీ ఉంటే కలుపుతుంది, బిల్డ్ మెషీన్‌లో లేకపోతే కలపదు. రెండు చోట్లా బిల్డ్ విజయవంతమే. కానీ ఒకే పేరుతో, ఒకే వెర్షన్ నంబరుతో రెండు రకాల ప్రోగ్రాములు బయటికెళ్లేవి. లోటు ఉంటే ఎర్రర్ వస్తుంది. ఎక్కువైతే ఏ ఎర్రరూ రాదు.

దీనికి మందుగా 2001 ప్రాంతంలో జునిచి ఉయెకావా పిబిల్డర్ అనే పనిముట్టు చేశాడు. దాని పద్ధతి మొరటుది, కానీ ఇవాళ మనం చేసేదంతా అందులో ఉంది. కనీస డెబియన్‌ని ఒక టార్ ఫైలుగా కట్టి దాచుకుంటుంది. ప్యాకేజీ పరీక్షించమన్నప్పుడల్లా ఆ మూట విప్పుతుంది, సీహెచ్‌రూట్‌తో లోపలికి దిగుతుంది, కంట్రోల్ ఫైలులో రాసినవి మాత్రమే తెచ్చి ఎక్కిస్తుంది, కడుతుంది, ఫలితాన్ని బయటికి తీసి, గది మొత్తాన్ని చెరిపేస్తుంది. మళ్లీ అడిగితే మళ్లీ కొత్త గది. ప్రతిసారీ మూట విప్పడం ఆలస్యమవుతోందని తర్వాత కౌబిల్డర్ అని ఒకటి వచ్చింది. అది మాతృకని కాపీ చేయకుండా, మారిన ఫైళ్లని మాత్రమే విడిగా రాసుకునేది. ఆ తర్వాత కొన్నేళ్లకి డాకర్ అనే కంటెయినర్ పనిముట్టు వచ్చి, దాని పొరల గురించి ప్రపంచం ఆశ్చర్యపోయినప్పుడు డెబియన్‌లో పాతకాపులు పెద్దగా ఆశ్చర్యపోలేదు.

లార్స్ వీర్జేనియస్ 2005లో ఇదే గదిలో ఇంకో పరీక్ష పెట్టాడు. ప్యాకేజీని ఎక్కించడం, పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మార్చడం, తీసేయడం, తీసేశాక ఏమైనా చెత్త మిగిలిందా చూడడం. పియుపార్ట్స్ అని దాని పేరు. తన సొంత మెషీన్ మీద ఇలాంటి పరీక్ష చేసుకునే సాహసం ఎవరికుంటుంది? రెడ్ హ్యాట్ వైపు ఫెడోరాలో సెత్ విడాల్ తదితరుల మాక్ ఇదే పని చేసింది. కొత్త ప్యాకేజీ సమీక్షకి పంపేవాళ్లు ముందు మాక్‌లో కట్టి చూసుకోవడం అక్కడ ఆచారమైంది. ఫ్రీబీఎస్‌డీలో పౌడ్రియేర్ వచ్చింది, అది జైళ్లనే బిల్డ్ గదులుగా వాడుతుంది. పోర్టు (అక్కడి ప్యాకేజీ వంటకం) పంపే ముందు దాంట్లో పరీక్షించమని పోర్టు రాసేవాళ్ల చేతిపుస్తకమే చెబుతుంది. డెబియన్ ఇంకో అడుగు వేసి 2019లో, కార్యకర్తలు తమ మెషీన్ల మీద కట్టిన బైనరీలు తర్వాతి విడుదలకి వెళ్లవని తేల్చేసింది. సోర్సు పంపండి, కట్టడం మేం చూసుకుంటాం అని.

ఇదంతా పంపిణీలవాళ్ల లోకం. మామూలు ఆఫీసుల్లో అప్పుడు పరిస్థితి వేరు. ఒక బిల్డ్ సర్వర్ ఉండేది, ఎవరి చెకిన్ దాన్ని కూల్చిందో వాళ్ల పేరు అందరికీ మెయిల్‌లో వెళ్లేది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేస్తున్న కొహ్సుకె కవాగుచి 2004లో హడ్సన్ రాయడం మొదలుపెట్టింది కూడా తన చెకిన్లు బిల్డ్‌ని మాటిమాటికీ కూలుస్తుండడం వల్ల, సహోద్యోగుల కంటే ముందే ఆ సంగతి తనకి తెలియాలనుకోవడం వల్ల. అదే 2011లో పేరు మార్చుకుని జెంకిన్స్ అయింది. అయితే జెంకిన్స్ సర్వర్ కూడా ఒక మెషీనే కదా. దాని మీదా ఏళ్ల తరబడి లైబ్రరీలు పేరుకునేవి. కొన్నాళ్లకి "నా మెషీన్‌లో పనిచేస్తోంది" పోయి "జెంకిన్స్‌లో మాత్రమే పనిచేస్తోంది" వచ్చేది. దాన్ని మొదట ఏర్పాటు చేసినవాళ్లు ఉద్యోగం మారిపోతే ఇక ఆ మెషీన్‌ని ముట్టుకోవడానికి అందరికీ భయం.

వర్చువల్ మెషీన్ ఒక మార్గం. మిచెల్ హాషిమోటో 2010లో విడుదల చేసిన వేగ్రంట్ దాన్ని చాలా సుళువు చేసింది. ఒక చిన్న ఫైలులో మెషీన్ వర్ణన రాసి ప్రాజెక్టుతో పాటు ఉంచితే, జట్టులో అందరికీ ఒకే రకం మెషీన్ లేస్తుంది. మంచి ఆలోచనే. కానీ లేవడానికి నిమిషాలు పట్టేది, గిగాబైట్ల మెమరీ తినేది. అంత ఖరీదైన మెషీన్‌ని ఒక్క పరీక్షకి వాడి పారేయాలంటే మనసొప్పదు. పారేయకుండా ఉంచుకుంటే వారంలో అదీ పాత మెషీనే అవుతుంది.

ఇక లినక్స్ కెర్నెల్‌లో కావలసిన సామగ్రి ఎవరి అవసరాల కోసం వాళ్లు ముక్కముక్కగా చేరుస్తూ వచ్చారు. ఒక్కో ప్రాసెస్‌కి ఒక్కో రకం ఫైళ్ల లోకం చూపించవచ్చన్న ఆలోచన బెల్ ల్యాబ్స్ వాళ్ల ప్లాన్ 9 సిస్టమ్‌లో ముందే ఉంది. ఆ పోలికతో 2002లో మౌంట్ నేమ్‌స్పేస్ 2.4.19 కెర్నెల్‌లోకి వచ్చింది. తర్వాత ప్రాసెస్ నంబర్లకి, నెట్‌వర్క్‌కి, ఆపైన యూజర్లకి నేమ్‌స్పేస్‌లు వచ్చాయి. ఎవరెంత సీపీయూ, ఎంత మెమరీ వాడొచ్చో కట్టడి చేసే సీగ్రూప్స్‌ని గూగుల్‌లో పాల్ మెనేజ్, రోహిత్ సేఠ్ 2006లో మొదలుపెట్టారు. 2008 జనవరిలో వచ్చిన 2.6.24తో అది కెర్నెల్‌లో భాగమైంది. మెమరీ లెక్క చూసే భాగం రాసినవాళ్లలో ఐబీఎం ఇండియా ఇంజినీరు బల్బీర్ సింగ్ ఒకరు. నేమ్‌స్పేస్‌లు, సీగ్రూప్స్, ఈ రెంటినీ కలిపి 2008లో ఎల్‌ఎక్స్‌సీ తయారైంది. పనిముట్లన్నీ ఉన్నాయి, వాడేవాళ్లే తక్కువ. దాన్ని అమర్చుకోవాలంటే ఒక సాయంత్రం పోయేది.

ఆ సాయంత్రాన్ని మిగిల్చింది డాకర్. 2013 మార్చి 15న శాంటా క్లారాలో జరిగిన పైకాన్‌లో, డాట్‌క్లౌడ్ అనే చిన్న కంపెనీ తరఫున సొలొమన్ హైక్స్ అయిదు నిమిషాల ప్రసంగంలో దాన్ని చూపించాడు. మొదట్లో అది లోపల ఎల్‌ఎక్స్‌సీనే వాడుకునేది. 2014లో తన సొంత లైబ్రరీకి మారింది. కెర్నెల్ పరంగా కొత్తదేమీ కనిపెట్టలేదు. తిమింగిలం బొమ్మ, ఓడ మీది పెట్టెల పోలిక జనానికి బాగా ఎక్కాయి గానీ, నా దృష్టిలో డాకర్ చేసిన అసలు మేలు డాకర్‌ఫైల్. ఏ పునాది మీద మొదలుపెట్టాలి, ఏమేం ఎక్కించాలి, ఏ వరుసలో, అన్నది ఇరవై ముప్పై లైన్లలో మామూలు టెక్స్టుగా రాసి కోడ్ పక్కనే పెట్టడం. ఇంగువ సంగతి ఇక చేతికి వదిలేయడానికి లేదు, రాయాల్సిందే. రాసింది కాబట్టి సమీక్షకి వస్తుంది, ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారో చరిత్రలో ఉంటుంది. ఒక్కో లైను ఒక్కో పొరగా దాచిపెడుతుంది కాబట్టి, పై పొర మారితే కింది పొరలు మళ్లీ కట్టక్కర్లేదు. గది లేవడానికి పట్టేది ఒకట్రెండు క్షణాలు. క్షణంలో లేచేది గనక క్షణంలో పారేయవచ్చు. పిబిల్డర్‌కి ఉన్న గుణమే ఇది, కాకపోతే డెబియన్ దాటి అందరికీ దక్కింది.

కంపెనీలు దాన్ని సర్వర్ల వైపు లాగాయి. గూగుల్‌లో వారానికి 200 కోట్ల కంటెయినర్లు లేపుతున్నామని జో బెడా 2014లో చెప్పాక ఇక ఆ ఊపు ఆగలేదు. అందరి కళ్లూ అటుంటే, ప్రోగ్రామర్లు చడీచప్పుడు లేకుండా దాన్ని తమ టేబుల్ మీదికి తెచ్చుకున్నారు. 2014 చివర్లో, పంపిన కోడ్‌ని దానంతటదే కట్టి పరీక్షించే సీఐ (కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్) సేవల్లో ఒకటైన ట్రావిస్ సీఐ తన పరీక్షల్ని కంటెయినర్లలోకి మార్చడం మొదలుపెట్టింది. సీఐ అనేది ఒక ఇమేజ్, అంటే డాకర్‌ఫైల్‌తో కట్టిన గది మూస, అయినప్పుడు, అదే ఇమేజ్‌ని నా ల్యాప్‌టాప్‌లో లేపుకోవడానికి అడ్డేమిటి?

రస్ట్ భాష ప్రాజెక్టు దీన్ని చక్కగా చేసింది. దాని కంపైలర్‌ని డజన్ల కొద్దీ ప్లాట్‌ఫారాల మీద పరీక్షించాలి. సీఐలో లినక్స్ పరీక్షలకి వాడే డాకర్‌ఫైళ్లన్నీ సోర్సులోనే ఒక ఫోల్డర్‌లో ఉంటాయి, పక్కనే ఒక షెల్ స్క్రిప్టు ఉంటుంది. ఏ ఇమేజ్ కావాలో పేరు చెప్పి ఆ స్క్రిప్టు నడిపితే, సీఐలో జరిగేదే మన మెషీన్ మీద జరుగుతుంది. ప్యాచ్ పంపాక ఏదో ఒక ఇమేజ్‌లో ఫెయిలైతే, ఇంకోటి మార్చి పంపి చూద్దాం అని గంటలు గంటలు క్యూలో కూర్చోనక్కర్లేదు. గిట్‌హబ్ తన యాక్షన్స్ తెచ్చాక, ఆ వర్క్‌ఫ్లో ఫైళ్లని చదివి డాకర్‌లో ఇక్కడే నడిపే యాక్ట్ అనే పనిముట్టు 2019లో వచ్చింది. జావా వాళ్లకి 2015లో రిచర్డ్ నార్త్ మొదలుపెట్టిన టెస్ట్‌కంటెయినర్స్ ఇంకోవైపు నుంచి సాయపడింది. పరీక్ష మొదలవగానే నిజమైన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ని కంటెయినర్‌లో లేపి, పరీక్ష అయిపోగానే తీసేస్తుంది. అంతకుముందు చాలామంది మెమరీలో నడిచే బుల్లి డేటాబేస్‌తో పరీక్షించి, అసలు డేటాబేస్ ముందు అభాసుపాలయ్యేవాళ్లు.

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్ల చేతిలో ఒకప్పుడు సెటప్ డాక్యుమెంట్ అని పేజీలకి పేజీలు పెట్టేవాళ్లు. అందులో మూడో పేజీకే ఏదో ఒకటి పనిచేయదు, పక్క సీటువాళ్లని పిలవాలి. ఇప్పుడు మంచి ప్రాజెక్టుల్లో ఆ స్థానంలో ఒక డాకర్‌ఫైల్ ఉంటోంది. మన దేశంలో కూర్చుని కోడ్ రాసేవాళ్లకి ఇది ఇంకో సంగతి కూడా నేర్పింది. కంటెయినర్ గడియారం మామూలుగా యూటీసీలో ఉంటుంది. మన ల్యాప్‌టాప్ అయిదున్నర గంటలు ముందుంటుంది. అర్ధరాత్రి పన్నెండు నుంచి తెల్లవారి అయిదున్నర దాకా రెండింట్లో తారీఖే వేరు. పగలంతా పాసైన పరీక్ష రాత్రి విడుదల పనిలో ఉండగా ఫెయిలైందంటే, తప్పు ఎక్కడుందో ముందుగా చూడాల్సింది అక్కడ.

తెలుగు అక్షరాలున్న కోడ్‌కి మరో గండం. చిన్నగా ఉండాలని చెక్కేసిన ఇమేజ్‌లలో సాధారణంగా లొకేల్ (ఏ భాష, ఏ అక్షరాలు అన్న అమరిక) ఏమీ పెట్టి ఉండదు. పైథాన్ 3.6 దాకా, లొకేల్ లేకపోతే ఆస్కీ అనుకునేది. తెలుగు మాట ఒక్కటి ప్రింట్ చేయబోతే ఎర్రర్‌తో పడిపోయేది. ల్యాప్‌టాప్‌లో యూటీఎఫ్-8 ఉంది కాబట్టి అక్కడ ఏ గొడవా లేదు. ఈ బాధ ప్రపంచమంతటా, ముఖ్యంగా కంటెయినర్ల వల్లే, ఎంత పెరిగిందంటే 2018లో వచ్చిన పైథాన్ 3.7లో ఆ ప్రవర్తననే మార్చారు. ఇక ఫాంట్ల సంగతి. పీడీఎఫ్ తయారుచేసే ప్రోగ్రాము ల్యాప్‌టాప్‌లో తెలుగు చక్కగా అచ్చువేస్తుంది. కంటెయినర్‌లో వరసగా ఖాళీ డబ్బాలు వేస్తుంది. ఇమేజ్‌లో తెలుగు ఫాంటు లేదు, డాకర్‌ఫైల్‌లో ఒక లైను కలపాలి. ఇలాంటివి వినియోగదారుల కంటే ముందు మన కంట పడడమే ఈ గది వల్ల లాభం.

గదికి తన తంటాలూ ఉన్నాయి. కోడ్ ఉన్న ఫోల్డర్‌ని కంటెయినర్‌కి మౌంట్ చేస్తే, లోపల రూట్‌గా నడిచే కంపైలర్ రాసిన ఫైళ్లన్నీ రూట్ పేరు మీద ఉంటాయి. మన ఫోల్డర్‌లో మనం తుడవలేని చెత్త మిగులుతుంది. డాకర్ గ్రూపులో సభ్యత్వం ఉన్నవాళ్లు ఆ మెషీన్‌కి రూట్‌తో సమానమని డాకర్ వాళ్లే హెచ్చరిస్తారు. డాకర్‌కి బదులుగా వాడే రెడ్ హ్యాట్ వాళ్ల పాడ్‌మన్ ఈ రెండు బెడదల్నీ తగ్గించింది, మామూలు యూజర్‌గానే నడుస్తుంది. 2021 ఆగస్టులో డాకర్ డెస్క్‌టాప్‌కి పెద్ద కంపెనీలు డబ్బు కట్టాలని నిబంధన మారాక పాడ్‌మన్ వైపు చూసినవాళ్లు ఎక్కువయ్యారు. మ్యాక్ మీద డాకర్ నడవడమంటే చాటున ఒక లినక్స్ వర్చువల్ మెషీన్ నడవడమే. 2020 నవంబరులో ఆపిల్ తన ఎం1 ప్రాసెసర్‌తో ల్యాప్‌టాప్‌లు తెచ్చేసరికి, సీఐలో ఇంటెల్ ఇమేజ్, టేబుల్ మీద ఆర్మ్ ఇమేజ్ అయ్యాయి. ఒకే డాకర్‌ఫైల్, రెండు మెషీన్ భాషలు. తప్పించుకున్నామనుకున్న తేడా వెనక తలుపు నుంచి లోపలికి వచ్చింది.

మౌంట్ చేయడంలో ఇంకో లొసుగు ఉంది, చాలామంది గమనించరు. కొత్త ఫైలు ఒకటి రాసి గిట్‌కి చేర్చడం మర్చిపోయామనుకోండి. ఫోల్డర్ మొత్తం మౌంట్ అయింది గనక ఆ ఫైలు కంటెయినర్‌కి కనిపిస్తుంది, పరీక్ష పాసవుతుంది. పంపాక సీఐలో పోతుంది. కంటెయినర్‌లో పరీక్షించి కూడా అదే పాత తప్పు. కమిట్ చేశాక ఆ కమిట్‌ని కంటెయినర్‌లోకి కొత్తగా క్లోన్ చేసి పరీక్షించడమే దీనికి విరుగుడు. అంత ఓపిక ఎవరికుంటుందంటే, అందుకే దాన్ని స్క్రిప్టులో పెట్టాలి.

డాకర్‌ఫైల్ రాసినంత మాత్రాన గది శాశ్వతం కాదు. పునాది ఇమేజ్‌కి "లేటెస్ట్" అని రాసిపెట్టినవాళ్లకి ఇవాళ్టి లేటెస్ట్ రేపటిది కాదు. సెంట్‌ఓఎస్ 8 అనే లినక్స్ పంపిణీకి 2021 డిసెంబరు 31తో కాలం చెల్లింది. వెంటనే మరుసటి నెలాఖరుకి దాని ప్యాకేజీలు మామూలు మిర్రర్ సర్వర్ల నుంచి పాత సరుకుల గిడ్డంగికి వెళ్లిపోయాయి. అప్పటిదాకా నిక్షేపంగా కట్టుబడిన డాకర్‌ఫైళ్లు ఒక్క అక్షరం మారకుండానే ఫెయిలయ్యాయి.

ఇంకా మౌలికమైన పరిమితి ఒకటుంది. కంటెయినర్‌కి సొంత కెర్నెల్ ఉండదు, కింది మెషీన్‌దే వాడుకుంటుంది. లినక్స్ కెర్నెల్‌కే ప్యాచ్ రాస్తున్నవాళ్లు దాన్ని కంటెయినర్‌లో కంపైల్ చేసుకోవచ్చు గానీ నడిపి చూడలేరు. దానికి క్యూఈఎంయూ లాంటి వర్చువల్ మెషీనే గతి. తలుపులు కూడా మనం అనుకున్నంత గట్టివి కావు. 2019 ఫిబ్రవరిలో కంటెయినర్లని నడిపే రన్‌సీ అనే భాగంలోనే రంధ్రం బయటపడింది. లోపలి ప్రోగ్రాము బయటి మెషీన్ మీద రూట్ కాగలదని తేలింది. మన కోడ్ మనం పరీక్షించుకోవడానికి ఆ గోడ చాలు, పరాయివాళ్ల కోడ్‌కి చాలదు.

పరాయి కోడ్ మాట ఇప్పుడు మరీ ఎక్కువగా వినవస్తోంది, ఎందుకంటే ప్యాచ్ రాసేది మనుషులే కానవసరం లేదు. ప్రిన్‌స్టన్ పరిశోధకులు 2023లో భాషా నమూనాలని పరీక్షించడానికి ఎస్‌డబ్ల్యూఈ-బెంచ్ అనే సంకలనం చేశారు. 12 పైథాన్ ప్రాజెక్టుల నుంచి నిజంగా జరిగిన 2,294 సమస్యలు ఏరారు. నమూనా ఒక ప్యాచ్ రాయాలి, ఆ ప్రాజెక్టు సొంత పరీక్షలు పాసవ్వాలి. మొదట్లో దీన్ని మామూలు పైథాన్ ఎన్విరాన్‌మెంట్లలో నడిపేవాళ్లు. ఒక మెషీన్‌లో పాసైన ప్యాచ్ ఇంకో మెషీన్‌లో ఫెయిలయ్యేది. నమూనా తప్పా, మెషీన్ తప్పా చెప్పడం కష్టమైంది. 2024 జూన్‌లో మొత్తం డాకర్‌కి మార్చారు. ప్రతి సమస్యకీ ఆనాటి సోర్సుతో, ఆనాటి లైబ్రరీలతో ఒక గది. ప్యాచ్ పెట్టి, పరీక్షలు నడిపి, పారేస్తారు. వీటికోసం డిస్కులో 120 జీబీ ఖాళీ ఉంచుకోమని దాని సూచనల్లో ఉంటుంది. ఆ ప్రాజెక్టుల్లో ఒకటైన జాంగో ఏ వెర్షన్‌కి ఏ పైథాన్ కావాలి, ఏయే లైబ్రరీలు ఏ వెర్షన్లలో ఎక్కించాలి అన్న జాబితా మాత్రం ఒక్కో ప్రాజెక్టుకీ, ఒక్కో వెర్షన్‌కీ మనుషులే కూర్చుని రాశారు.